ఒక కడ్డీ, ఎనిమిది తీగలు

1952 సెప్టెంబరు 23న నాష్‌విల్ నగరంలో, టులేన్ హోటల్లోని కాజిల్ స్టూడియోలో అమెరికా కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ నాలుగు పాటలు రికార్డు చేశాడు. వాటిలో ఒకటి ‘యువర్ చీటిన్ హార్ట్’. ఆ తర్వాత అతను మళ్లీ స్టూడియో గుమ్మం తొక్కలేదు. సరిగ్గా నూరో రోజున, 1953 జనవరి 1న, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూశాడు. పాట మాత్రం ఆ ఏడాది అమెరికా కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది.

ఆ రికార్డు పెడితే ముందుగా వినిపించేది హాంక్ గొంతు కాదు. సన్నగా, బాగా పైస్థాయిలో, కింది నుంచి జారుకుంటూ వచ్చి ఒక స్వరం మీద వణుకుతూ నిలబడే తీగ వినిపిస్తుంది. ఏడ్చి ఏడ్చి గొంతు సన్నబడ్డ మనిషి ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు ఉంటుంది. దాన్ని వాయించినవాడు డాన్ హెల్మ్స్. హాంక్‌లాగే అతనిదీ అలబామా రాష్ట్రమే. హాంక్ పాటల్లో మొదటి స్థానానికి చేరినవి పదకొండైతే, పదింటిలో వినిపించే స్టీల్ గిటార్ హెల్మ్స్‌ది.

ఆ శబ్దం గురించి మాట్లాడేవాళ్లు వాద్యాన్నో, వాయించిన చేతినో మెచ్చుకుంటారు. రెండూ న్యాయమే. కానీ సగం పని అతను కడ్డీ చేతిలోకి తీసుకోకముందే, బిరడాలు తిప్పుతున్నప్పుడే అయిపోయింది. ఏ తీగను ఏ స్వరానికి కట్టాడన్నదే అసలు కిటుకు. మామూలు గిటార్‌లో శ్రుతి చేయడమంటే వాయించడానికి ముందు పూర్తి చేయాల్సిన చిన్న పని. పెడల్ (కాలితో తొక్కి తీగల శ్రుతి మార్చే మీట) లేని స్టీల్ గిటార్‌లో అలా కాదు. అక్కడ శ్రుతి కట్టడమంటే ఏయే మాటలు మాట్లాడగలమో ముందే తేల్చుకోవడం.

ఎందుకో తెలియాలంటే గోటువాద్యాన్ని గుర్తు తెచ్చుకోవాలి. ఇప్పుడు చిత్రవీణ అని కూడా అంటున్న ఆ వాద్యానికి వీణలా మెట్లుండవు. వాద్యకారుడు ఎడమచేత్తో ఒక నున్నని కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడిచేత్తో మీటుతాడు. స్టీల్ గిటార్ సూత్రమూ అదే. గిటార్‌ను వెల్లకిలా ఒడిలోనో బల్లలాంటి కాళ్ల మీదనో పెట్టి, తీగలను పలక నుంచి పైకి లేపి, ఉక్కు కడ్డీని వాటి మీద జారిస్తారు. పలక మీద కనిపించేవి గురుతు కోసం వేసిన గీతలే తప్ప మెట్లు కావు. ‘స్టీల్’ అన్న మాట గిటార్ గురించి కాదు, చేతిలోని ఆ కడ్డీ గురించి.

తేడా ఒకటుంది. గోటువాద్యంలో రాగం నడిచేది ప్రధానంగా ఒక స్వరం వెంట ఒక స్వరంగా. కంట్రీ పాటకు అది చాలదు. దానికి కార్డులు కావాలి, అంటే రెండు మూడు స్వరాలు ఒకేసారి కలిసి పలకాలి. మామూలు గిటార్ వాయించేవాడికి నాలుగు వేళ్లున్నాయి. ఒక్కో తీగను ఒక్కో చోట నొక్కి ఏ కార్డు కావాలంటే అది పట్టుకుంటాడు. స్టీల్ వాయించేవాడి చేతిలో ఉన్నది వంగని ఉక్కు ముక్క. ఐదో గీత మీద పెడితే అన్ని తీగలూ ఐదో గీత దగ్గరే ఆగుతాయి. కడ్డీ పెట్టకుండా తీగలను మీటినప్పుడు వాటి మధ్య ఏ సంబంధం ఉందో, కడ్డీని ఎక్కడికి జరిపినా అదే సంబంధం వెంట వస్తుంది. ఇది ఒక పెద్ద కట్టుబాటు. ఈ వాద్యం చరిత్ర అంతా ఆ కట్టుబాటుతో జరిగిన బేరమే.

కథ హవాయిలో మొదలైంది. 1830ల్లో అక్కడి పశువులను మేపడానికి మెక్సికో నుంచి పశులకాపరులు వచ్చారు. వాళ్ల వెంట గిటార్లూ వచ్చాయి. హవాయి జనం ఆ గిటార్ల తీగలను తమకు నచ్చినట్టు వదులు చేసి, ఊరికే మీటితేనే కార్డు పలికేలా కట్టుకున్నారు. ఆ శతాబ్దం చివర్లో, ఒవాహు దీవిలోని లాయియే ఊరి కుర్రాడు జోసెఫ్ కెకుకు తీగల మీద ఇనుప ముక్కను జార్చి వాయించే పద్ధతిని సాధించాడు. రైలుపట్టాల పక్కన దొరికిన బోల్టుతో మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద అంతర్జాతీయ ప్రదర్శనలో హవాయి మంటపం ముందు జనం కిక్కిరిశారు. ఆ ఊపులో హవాయి గిటార్ అమెరికా అంతటా పాకింది. 1940ల్లో హవాయికి చెందిన టౌ మో కుటుంబం కొన్నేళ్లు కలకత్తాలో ఉండి మన దేశంలోనూ ఆ విద్యను నాటింది. సినిమా పాటలను ‘హవాయియన్ గిటార్’ మీద వాయించిన రికార్డులు రేడియోలో విన్న తరం మన ఇళ్లలో ఇంకా ఉంది.

పశులకాపరులు హవాయికి తెచ్చిన గిటార్, హవాయి నుంచి మళ్లీ పశులకాపరుల దేశానికి, అదీ కౌబాయ్ టోపీల పాటల్లోకి తిరిగి రావడం చరిత్ర ఆడిన చిన్న పరాచికం. కంట్రీ సంగీతపు తొలి తార జిమ్మీ రోజర్స్ 1920ల చివర్లోనే తన రికార్డుల్లో హవాయి వాద్యకారులను పెట్టుకున్నాడు. 1932లో రికెన్‌బ్యాకర్ వాళ్లు అల్యూమినియంతో పోతపోసిన విద్యుత్ స్టీల్ గిటార్‌ను అమ్మకానికి పెట్టారు. గుండ్రటి ఒళ్లు, పొడుగు కాడ. చూసినవాళ్లు ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పెట్టేశారు. పెనంలా ఉన్న ఆ వస్తువే బజారులో నిలదొక్కుకున్న తొలి ఎలక్ట్రిక్ గిటార్. 1935లో బాబ్ డన్ విద్యుత్ స్టీల్‌తో టెక్సస్ నాట్యశాలల సంగీతాన్ని రికార్డు చేశాడు. మరుసటి ఏడాది లియాన్ మెకాలిఫ్, బాబ్ విల్స్ బృందంతో ‘స్టీల్ గిటార్ రాగ్’ వాయించాడు. ఆ బాణీకి మూలం 1923లో సిల్వెస్టర్ వీవర్ అనే నల్లజాతి వాద్యకారుడు రికార్డు చేసిన ‘గిటార్ రాగ్’. (ఇక్కడ ‘రాగ్’ అంటే మన రాగం కాదు, ర్యాగ్‌టైమ్ అనే లయ పద్ధతి.)

తొలినాళ్ల ట్యూనింగులు సూటిగా ఉండేవి. తీగలన్నిటినీ ఒకే మేజర్ కార్డుకు, అంటే మన భాషలో స, గ, ప లకు కట్టేయడమే. ఇందులో గాంధారం అంతర గాంధారం. ఎ శ్రుతిలో కడితే కింది నుంచి పైకి ఎ, సి షార్ప్, ఇ, మళ్లీ ఎ, సి షార్ప్, ఇ. కరెంటు అక్కర్లేని డోబ్రో గిటార్‌కు జి శ్రుతిలో జి, బి, డి, జి, బి, డి. ఫ్లాట్, స్క్రగ్స్‌ల బ్లూగ్రాస్ బృందంలో జాష్ గ్రేవ్స్ వేగంగా వాయించిందీ ఈ జి కట్టుబడి మీదే. బ్లూగ్రాస్‌లో ఇవాళ్టికీ అదే నడుస్తోంది, మార్చాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఈ కట్టుబడితో పాట నడపడం సులువు. కంట్రీ పాటల్లో ఎక్కువ భాగం మూడు కార్డులతో బతికేస్తాయి: షడ్జమం మీద ఒకటి, మధ్యమం మీద ఒకటి, పంచమం మీద ఒకటి. సి స్వరానికి కట్టిన వాద్యమైతే కడ్డీని పన్నెండో గీత మీద, ఐదో గీత మీద, ఏడో గీత మీద పెడితే మూడూ సిద్ధం. చిక్కంతా ఆ తర్వాతే. దుఃఖం పలికించే మైనర్ కార్డు ఒక్కటి కావాలన్నా ఈ తీగల్లో అది లేదు. మూడు స్వరాల సంపద మూడింటితోనే ఆగిపోతుంది. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పాడుకునే పాటకు చాలు. ఐదారు వాద్యాల బృందంతో, పాట మధ్యలో గొంతుకు జవాబు చెప్పాల్సిన వాద్యానికి చాలదు.

ఇక్కడ జెర్రీ బర్డ్ వస్తాడు. 1920లో ఒహైయో రాష్ట్రంలోని లైమా ఊళ్లో పుట్టాడు. హవాయితో చుట్టరికం ఏమీ లేదు; కుర్రతనంలో హవాయి సంగీతం విని దానికి దాసుడయ్యాడు. మేజర్ కార్డుకు ఇంకొక్క స్వరం చేర్చిన ‘సి-6’ ట్యూనింగును స్థిరపరచిన ఘనత సాధారణంగా అతనికే ఇస్తారు. ఆరు తీగలు కింది నుంచి పైకి: సి, ఇ, జి, ఎ, సి, ఇ.

దీన్ని స్వరాల్లో రాసి చూస్తే తెలుగు చెవికి వెంటనే ఏదో తడుతుంది: స, గ, ప, ద, స, గ. మోహన రాగంలో ఒక్క రిషభం తీసేస్తే మిగిలేవి ఇవే. కంట్రీ పాటల వరసలు చాలావరకు ఆ ఐదు స్వరాల చుట్టూనే తిరుగుతాయి. అంటే కడ్డీని కదపకుండానే వరసలోని ఐదింట నాలుగు స్వరాలు చేతికింద ఉంటాయి; రిషభం కావాలంటే షడ్జమం తీగ మీద రెండు గీతలు ముందుకు జారితే చాలు.

ఒక్క ధైవతం చేర్చినందుకు వచ్చిన లాభం అంతకన్నా పెద్దది. కింది మూడు తీగలు మీటితే స-గ-ప, తేటగా నవ్వే మేజర్ కార్డు. పై మూడు తీగలు మీటితే ద-స-గ, అది మైనర్. కడ్డీ ఉన్నచోటే ఉంటుంది. కుడిచేతి వేళ్లు తీగలు మార్చుకుంటాయి, అంతే. నవ్వు మొహం దిగులు మొహమవుతుంది. ఒకే ఇంటికి రెండు గుమ్మాలు పెట్టినట్టు. అన్ని తీగలూ కలిపి లాగిస్తే మాత్రం హవాయి పడవల మీది తియ్యదనం ముంచెత్తుతుంది. కంట్రీ వాద్యకారులు అందుకే ఆరింటినీ కలిపి మీటరు. రెండో మూడో ఏరుకుంటారు. ఏ తీగను వదిలేయాలో తెలియడమే ఇక్కడ సగం విద్య.

1949 ఆగస్టు 30న సిన్సినాటిలోని హెర్జోగ్ స్టూడియోలో హాంక్ విలియమ్స్ ‘ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై’ పాడినప్పుడు స్టీల్ మీద ఉన్నది జెర్రీ బర్డ్. హెల్మ్స్ ఏడుపు పదునుగా ఉంటుంది, బర్డ్‌ది గుండ్రంగా. ఒకే గాయకుడి రెండు పాటలు పక్కపక్కన పెట్టి వింటే, సంగీతం చదువుకోని చెవికి కూడా ఆ తేడా అందుతుంది.

మైనర్ కార్డు దొరికింది కానీ ఇంకో లోటు అలాగే ఉంది. పాట పంచమం కార్డు నుంచి ఇంటికి, అంటే షడ్జమానికి, తిరిగి వచ్చేముందు ఒక లాగుడు కావాలి. శుద్ధ మధ్యమం, కాకలి నిషాదం కలిసి పలికితే ఆ లాగుడు పుడుతుంది: మధ్యమం గాంధారంలోకి దిగాలని, నిషాదం షడ్జమంలోకి ఎక్కాలని తహతహలాడతాయి. ఈ రెండూ సి-6లో ఒకే గీత మీద, కావలసిన తీరులో దొరకవు. దానికి వాద్యకారులు కనిపెట్టిన ఉపాయం కడ్డీని వాల్చడం. పై తీగ పక్క నుంచి లెక్కపెడితే నాలుగోది పంచమం తీగ. దాని మీద కడ్డీ పదో గీత దగ్గర ఉండాలి. రెండోది షడ్జమం తీగ. దాని మీద పదకొండో గీత దగ్గర ఉండాలి. కడ్డీ మొన కొంచెం ముందుకు వాలిస్తే మొదటిది మధ్యమమూ రెండోది నిషాదమూ అవుతాయి. వెంటనే కడ్డీని నిలువుగా సరిచేసి పన్నెండో గీతకు జార్చి, ఐదో తీగనూ రెండో తీగనూ మీటితే గాంధారం, షడ్జమం. పాట ఇంట్లోకి అడుగుపెట్టేసింది.

రాయడానికి మూడు వాక్యాలు. చేతికి పట్టుబడడానికి నెలలు. గీతల మధ్య దూరం మెడ చివర ఎక్కువ, లోపలికి పోతున్నకొద్దీ తక్కువ. అందుకని వాలు కోణం ప్రతిచోటా మారుతుంది. మెట్లు లేవు కాబట్టి వెంట్రుకవాసి తప్పినా అపస్వరం బయటపడిపోతుంది. జెర్రీ బర్డ్ వాలు కడ్డీ పనిని చూసి సాటి వాద్యకారులే అసూయపడేవారంటే ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత అతను కింది సి తీగను అరమెట్టు, అంటే ఒక గీత దూరం, పెంచి సి షార్ప్ చేసుకున్నాడు. దాంతో అదే వాద్యంలో ఎ-7 కార్డు కూడా చేరింది. ఒక్క బిరడా అర చుట్టు తిప్పుడుకు ఒక కొత్త కార్డు గిట్టుబాటు!

ఇలాంటి ఆలోచన అంతకుముందే ఇంకొకరికి వచ్చింది. హొనొలులులో పుట్టిన సోల్ హోవోపియీ 1930ల్లో వాడిన సి షార్ప్ మైనర్ ట్యూనింగులో కింది నాలుగు తీగలు బి, డి, ఇ, జి షార్ప్ కలిసి ఇ-7 కార్డు పలుకుతాయి. వాటిపైన సి షార్ప్, ఇ తీగలు జి షార్ప్‌తో కలిస్తే మైనర్. రెండు ట్యూనింగులను ఒకే నెక్ (మెడ) మీద అతికించినట్టుంటుంది.

డాన్ హెల్మ్స్ దారి వేరు. అతని ‘ఇ-6’ ట్యూనింగు పై తీగలను సి-6 పక్కన పెట్టి చూస్తే కొత్త సంగతేమీ కనిపించదు. అదే గ, స, ద, ప వరస, అవే సంబంధాలు. అంతా నాలుగు అరమెట్లు పైకి జరిగిందంతే. సి-6లో అన్నిటికన్నా పై తీగ ఇ అయితే, ఇక్కడ అది జి షార్ప్. మరి ఇంత చిన్న మార్పుకు అంత పెద్ద తేడా ఎలా?

పాట సి శ్రుతిలో ఉందనుకుందాం. సి-6 వాద్యకారుడు పై తీగ మీద గాంధారం పలికించడానికి పన్నెండో గీతకు వెళ్లాలి. ఇ-6 వాద్యకారుడికి అదే స్వరం, అదే స్థాయిలో ఎనిమిదో గీత దగ్గరే దొరుకుతుంది. తీగ పొడవు 22.5 అంగుళాలు అనుకుంటే, మొదటివాడికి కంపించే తీగ పదకొండుంపావు అంగుళాలు, రెండోవాడికి పద్నాలుగు పైచిలుకు. స్వరం అదే, తీగ మాత్రం పొడుగు, పైగా సన్నం. అందుకే అది ఎక్కువసేపు మోగుతుంది, మెరుపు ఎక్కువ. అక్కడి నుంచి ఇంకా పైకి పోవడానికి చోటూ మిగులుతుంది. హెల్మ్స్ ఆ చోటును వదల్లేదు.

పైస్థాయిలోనే ఉండమని అతనికి సలహా ఇచ్చింది హాంక్ పాటలకు మెరుగులు దిద్దిన ఫ్రెడ్ రోజ్ అంటారు. కారణం వ్యాపారదక్షత ఉన్నవాడికే తట్టేది. ఆ రోజుల్లో పాట జనానికి చేరేది బారులోని జ్యూక్‌బాక్స్ నుంచి, కారులోని చిన్న రేడియో నుంచి. ఆ గోలలో కింది స్వరాలు మునిగిపోతాయి, సన్నని పై స్వరం చీల్చుకు వస్తుంది. పైగా హాంక్ గొంతు నడిచే దారిలో స్టీల్ అడ్డు రాదు. గాయకుడు కింద, తీగ పైన; ఇద్దరూ ఒకే మాట రెండు అంతస్తుల నుంచి చెబుతున్నట్టు.

దీనికి తీగలు మూల్యం చెల్లించాలి. ఒకే తీగను నాలుగు అరమెట్లు పెంచితే దాని మీద బిగువు దాదాపు అరవై శాతం పెరుగుతుంది. మామూలు గిటార్ పై తీగను జి షార్ప్ దాకా తిప్పబోతే అది మధ్యలోనే ‘టప్’మంటుంది. అందుకే ఈ ట్యూనింగుకు ఇంకా సన్నని తీగ వేస్తారు.

మరోవైపు టెక్సస్, కాలిఫోర్నియా నాట్యశాలల్లో వెస్టర్న్ స్వింగ్ బృందాలు జాజ్ కార్డులు కోరుతున్నాయి. ఏడో స్వరం, తొమ్మిదో స్వరం, పదమూడో స్వరం కలిపిన బరువైన కార్డులు ఒక్క ట్యూనింగులో ఒదగవు. దానికి వాళ్లు కనుక్కున్న పరిష్కారం సూక్ష్మంగా లేదు: ఇంకో నెక్ తగిలించారు. అదీ చాలకపోతే ఇంకోటి. 1953లో ఫెండర్ తెచ్చిన స్ట్రింగ్‌మాస్టర్ రెండు, మూడు, నాలుగు నెక్‌లతో వచ్చేది, ఒక్కోదానికి ఎనిమిది తీగలు. నాలుగు నెక్‌ల దానికి ముప్పై రెండు బిరడాలు! ఒక నెక్ ఇ-13, ఒకటి సి-6, ఒకటి ఎ-6, ఇలా ఎవరిష్టం వారిది. కచేరీ మొదలవకముందే ఇవన్నీ శ్రుతి చేసుకునే మనిషి సహనాన్ని మెచ్చుకోవాలి. బాబ్ విల్స్ బృందంలో 1946లో చేరిన హెర్బ్ రెమింగ్టన్, స్పేడ్ కూలీ బృందంలోని వాకీన్ మర్ఫీ ఆ కాలపు ఘనాపాఠీలు. ఎ-6 అన్నది సి-6కు చెల్లెలే, కానీ పై తీగ గాంధారం కాదు, పంచమం. పాట వరస సాధారణంగా పై తీగ మీదే నడుస్తుంది కాబట్టి, ఆ ఒక్క మార్పుతో వాద్యకారుడి చేతికి తట్టే సంగతులే మారిపోతాయి.

మన చెవికి దగ్గరైన ఇంకో విషయం ఇక్కడ చెప్పుకోవాలి. పియానో మీద స్థాయిని 1200 భాగాలు చేస్తే, అంతర గాంధారం సరిగ్గా 400 దగ్గర పడుతుంది. తంబూరా మీటినప్పుడు దానంతట అదే వినిపించే స్వయంభూ గాంధారం మాత్రం 386 దగ్గర ఉంటుంది. కడ్డీకి మెట్ల బంధనం లేదు కాబట్టి చాలామంది స్టీల్ వాద్యకారులు యంత్రం చూపించే అంకెను పక్కనపెట్టి, గాంధారం తీగను చెవికి నచ్చేదాకా కాస్త దించుతారు. ధైవతాన్ని కూడా అలాగే 900 నుంచి 884 దాకా దించితే షడ్జమంతోనూ, గాంధారంతోనూ చక్కగా కలుస్తుంది. తీగల మధ్య కొట్టుకునే అలలు ఆగిపోయి కార్డు ఒక్క ముద్దలా నిలబడుతుంది. పాత రికార్డుల్లో స్టీల్ కార్డులు పియానో కన్నా నిమ్మళంగా వినిపించడానికి ఇది ఒక కారణం. కర్ణాటక సంగీత విద్యార్థికి ఇది వింతేమీ కాదు; నాష్‌విల్‌లో ఎవరూ దాన్ని శాస్త్రంగా చెప్పుకోలేదు, చెవితో చేసేశారు.

తర్వాత పెడల్ వచ్చింది. 1953 చివర్లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ రికార్డులో బడ్ ఐజక్స్ కడ్డీని కదపకుండా, తీగ మోగుతుండగానే కాలితో పెడల్ తొక్కాడు. కొన్ని తీగలు పైకి జారాయి, మిగతావి అక్కడే నిలిచాయి. ఒక కార్డు విరగకుండానే ఇంకో కార్డులోకి కరిగిపోయింది. మరుసటి ఏడాది ఆ పాట బయటికి వచ్చి దేశమంతా మోగేసరికి స్టీల్ వాద్యకారులంతా అవే స్వరాల కోసం వెతుకులాటలో పడ్డారు. కొందరు ఉన్న వాద్యాలకే పెడల్ పనిముట్లు తగిలించుకున్నారు. ముప్పై ఏళ్లుగా శ్రుతితో, వాలు కడ్డీతో, అదనపు నెక్‌లతో చేసిన బేరం ఒక్క కాలి తొక్కుడుతో ముగిసినట్టయింది.

పూర్తిగా ముగియలేదు. హెల్మ్స్ పెడల్ జోలికి పోలేదు. హాంక్ పోయాక ఇతర గాయకులు అతన్ని పిలిచిందే ఆ పదునైన పాత శబ్దం కోసం. 1957లో వచ్చిన పాట్సీ క్లైన్ ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’, 1959లో లెఫ్టీ ఫ్రిజెల్ ‘లాంగ్ బ్లాక్ వేల్’, 1965లో లొరెట్టా లిన్ ‘బ్లూ కెంటకీ గర్ల్’, వీటన్నింటిలో అతని చేయి ఉంది. ఇంకో కంట్రీ గాయకుడు హాంక్ స్నో బృందంలో కేటన్ రాబర్ట్స్ రెండు నెక్‌ల స్ట్రింగ్‌మాస్టర్‌తోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు. పెడల్ స్టీల్ శబ్దం అతుకు కనిపించని పట్టుచీర లాంటిది. పెడల్ లేనిదానిలో జారుడు వినిపిస్తుంది, స్వరాన్ని అందుకోవడానికి పడే యాతన కూడా వినిపిస్తుంది. హాంక్ విలియమ్స్ పాటల్లోని మనుషులు అతుకుల బతుకువాళ్లే కాబట్టి, వాళ్లకు రెండోదే నప్పిందనిపిస్తుంది.

ఇంట్లో మామూలు గిటార్ ఉండి, దీన్ని రుచి చూడాలనిపించినవారికి దారి ఉంది. మెడ చివర తీగలు కూర్చునే నట్ మీద అమర్చే లోహపు తొడుగు దొరుకుతుంది. అది తీగలను పైకి లేపుతుంది. ట్యూనింగు విషయంలో మాత్రం జాగ్రత్త. మొదట డి, జి, డి, జి, బి, డి కట్టుకోవడం మేలు. మామూలు శ్రుతి నుంచి మూడు తీగలను ఒక్కో మెట్టు వదులు చేస్తే చాలు, దేన్నీ బిగించక్కర్లేదు. సి-6 కావాలంటే ఉన్న తీగలతో కుదరదు: డి తీగను ఏకంగా జి దాకా, ఐదు అరమెట్లు లాగాలి. అంతకన్నా తగిన మందం ఉన్న తీగలు కొని మార్చుకోవడం గిటార్‌కూ కళ్లకూ క్షేమం. ఎడమచేతి వేళ్లు కడ్డీ వెనక తీగలను మెత్తగా ఒత్తి ఉంచాలి, లేకపోతే వెనక భాగం కూడా గణగణమంటుంది. కొత్తవాళ్లు మొదట మరిచిపోయేది ఇదే.

జెర్రీ బర్డ్‌కు నాష్‌విల్‌లో పని తగ్గుతూ వచ్చింది. అతను పెడల్ వైపు మళ్లలేదు. 1972లో సామాను సర్దుకుని హవాయికి వెళ్లిపోయాడు. అప్పటికి అక్కడి కుర్రాళ్లలో స్టీల్ గిటార్ పట్టుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. 2005లో చనిపోయేవరకూ అతను అక్కడే ఉండి వాయించాడు, పాఠాలు చెప్పాడు. అతని దగ్గర నేర్చుకున్న అలన్ అకాకా లాంటివాళ్లు ఇప్పుడు తర్వాతి తరానికి నేర్పుతున్నారు. కెకుకు పుట్టిన దీవిలో, ఒహైయో నుంచి వచ్చిన మనిషి, హొనొలులు పిల్లలచేత సి, ఇ, జి, ఎ, సి, ఇ అని తీగలు శ్రుతి చేయించాడు.